గడియారాలు లేని రోజుల్లో నమాజు వేళ ఎలా తెలిసేది? ఒక చువ్వతో మేం కొలిచి చూశాం

నమాజు వేళలు రోజూ ఎందుకు మారుతుంటాయి, గడియారాలు లేనప్పుడు వాటినెలా పట్టుకునేవారు అని అడిగారు కదా. ఇది నాకు పుస్తకంలో కంటే దుబాయ్‌లో మా మేడ మీద బాగా అర్థమైంది.

నా రూమ్మేట్ కర్నూలు కుర్రాడు. వచ్చిన కొత్తలో "ఇక్కడ అసర్ మన ఊరికంటే గంట ముందే అయిపోతోందన్నా" అని టెన్షన్ పడ్డాడు. అసర్ అంటే మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి ముందు చేసే నమాజు. వాళ్లింట్లో పాటించేది ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతి. నిలబెట్టిన కర్ర నీడలో మిట్టమధ్యాహ్నపు నీడను తీసేస్తే, మిగిలింది కర్ర ఎత్తుకు రెండింతలైనప్పుడు అసర్. దుబాయ్‌లో ఒక్కింత చాలు. సరే చూద్దామని మార్చి మూడో వారంలో, మీటరు పొడవున్న ఇనుప చువ్వను మేడ మీద పాతాం. దారానికి నట్టు కట్టి వేలాడదీసి, నిట్టనిలువుగా ఉందో లేదో సరిచూసుకున్నాం.

మొదటి రోజు బోల్తా పడ్డాం. పన్నెండు నుంచి పన్నెండుముప్పావు దాకా నీడలో మార్పు రెండు సెంటీమీటర్లే. అతి పొట్టి నీడ ఏ నిమిషానిదో ఎవరు తేల్చగలరు! దీనికి పాతకాలపు ఉపాయం ఉంది. చువ్వ చుట్టూ వలయం గీయాలి. పొద్దున నీడ కొస వలయంలోకి వచ్చిన చోటా, మధ్యాహ్నం దాటాక బయటికి పోయిన చోటా గుర్తు పెట్టాలి. ఆ రెంటినీ కలిపితే తూర్పు-పడమర గీత. దానికి అడ్డంగా చువ్వ మొదలు నుంచి గీసినది ఉత్తర-దక్షిణ గీత. నీడ దాని మీదికి వచ్చిన క్షణమే మిట్టమధ్యాహ్నం. మన శంకువు (నీడ కొలవడానికి పాతే కర్ర) లెక్కే. అరబ్బు పండితులు దీన్ని 'భారతీయ వలయం' అనే పిలిచారు, ఎక్కడినుంచి వచ్చిందో దాచుకోలేదు.

మర్నాడు ఆ గీత మీద నీడ 47 సెంటీమీటర్లు. దానికి చువ్వ ఎత్తు 100 కలిపితే 147, నీడ అక్కడికి చేరేసరికి 3:52, కాసేపటికే అజాన్ వినిపించింది. రెండింతలు కలిపిన 247కి 4:48. కాకపోతే నీడ సాగేకొద్దీ కొస మసకబారుతుంది, అందుకని రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ వేసుకోండి. మావాడి గంట తేడా మాత్రం నేల మీదే దొరికింది.

పెద్ద మసీదుల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక ఖగోళ పండితుడు ఉండేవాడు, మువఖ్ఖిత్ అంటారు. అజాన్ ఇచ్చేది మౌజన్, వేళ తేల్చేది ఇతను. సిరియాలోని డమాస్కస్ ఉమయ్యద్ మసీదు మువఖ్ఖిత్ ఇబ్న్ అల్-షాతిర్ 1371లో అక్కడి మినారు మీద పెట్టించిన పాలరాతి నీడ గడియారం దాదాపు రెండు మీటర్ల పొడవు. సూర్యోదయం నుంచి ఎంత పొద్దు గడిచింది, అస్తమయానికి ఎంత మిగిలింది అన్నవి దాని గీతల్లోనే తెలిసేవి. అది పగిలిపోయింది, ఇప్పుడు మినారు మీదున్నది 1876 నాటి నకలు.

ఫజర్ (తెల్లవారుజాము నమాజు), ఇషా (రాత్రి నమాజు)లకు నీడ పనికిరాదు. సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీలు కిందున్నాడో లెక్క కట్టాలి, ఆస్ట్రోలేబు అనే పాతకాలపు ఖగోళ పరికరంతో నక్షత్రాల ఎత్తు చూడాలి. మాకు అంత ఓపిక లేకపోయింది.

ఇక వేళలు మారడం సంగతి. సూర్యుడి దారి రోజూ కాస్త మారుతుంది, దాంతో నీడా, నీడతో పాటు వేళా. అదే చువ్వను డిసెంబరులో కొలిస్తే మధ్యాహ్నపు నీడే 113 సెంటీమీటర్లు వచ్చింది. అసర్ 3:14కే అయింది. ఈసారి మావాడు "మరీ భోజనం చేసి చెయ్యి కడుక్కునే లోపే అన్నా" అన్నాడు.