మాత్ర వేస్తే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: అక్కయ్యా, మాది తెనాలి దగ్గర పల్లె. తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. మా బాబుకి తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. మెదడు పరీక్ష, అదే ఈఈజీ, తీసి మూర్ఛ అని చెప్పి మాత్రలు రాశారు. వేస్తుంటే బాగానే ఉన్నాడు. మా వదిన, అంటే మా ఆయన అక్క, వాళ్లింట్లో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెడుతుంది. "మాత్రలు వేస్తున్నంత కాలం నీకు దేవుడి మీద నమ్మకం లేనట్టే" అని అక్కడ అందరి ముందూ అంది. ఆ మాట పట్టుకుని మా ఆయనకి కూడా చెప్పకుండా నాలుగు రోజులు మాత్రలు ఆపేశాను. ఐదో రోజు బాబు స్కూల్లో పడిపోయాడు. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. మళ్లీ వేస్తున్నాను. "నువ్వు పూర్తిగా నమ్మి ఆపలేదు, సందేహిస్తూ ఆపావు, అందుకే ఇలా అయింది" అంటోంది వదిన. మా ఆయన నోరు విప్పరు. రెండు నెలలుగా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాను. నా విశ్వాసం చాలకనే బాబుకి ఇలా అయిందా? దేవుడు నన్ను క్షమిస్తాడా?

జవాబు: చెల్లెమ్మా, ముందు మాత్రల సంగతి. దయచేసి ఇక ఒక్క పూట కూడా ఆపకండి. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ మునుపటికంటే గట్టిగా, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదకి వస్తుంది. తగ్గించాలన్నా, మానాలన్నా డాక్టరే మెల్లమెల్లగా చేయించాలి. నాలుగు రోజులు ఆపిన విషయం డాక్టరు గారికి దాచకుండా చెప్పండి. కోప్పడితే కోప్పడనివ్వండి, ఆ మాట తెలిస్తేనే ఆయన డోసు సరిగ్గా చూడగలరు. మళ్లీ ఫిట్స్ వస్తే బాబుని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్కూల్లో టీచరు గారికి కూడా ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఉంచండి.

ఇక మీ గుండెలో ఉన్న ముల్లు గురించి మాట్లాడుకుందాం.

వదిన గారు బహుశా బైబిల్లో యాకోబు పత్రిక చూపించి ఉంటారు. "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును" అన్న వచనం. దానికి ముందు వచనం కూడా ఒకసారి చదవండి. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లొచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలి అని ఉంటుంది. ప్రార్థించవలసింది వచ్చినవాళ్లు. మంచం మీద ఉన్నవాడి నమ్మకం ఎన్ని పాళ్లు ఉందో కొలవమని అక్కడ ఎవరికీ చెప్పలేదు. మాత్ర మానమనీ లేదు.

మీరు లూథరన్లం అని రాశారు కాబట్టి ఇంకో మాట. లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చింది, మనిషి తన క్రియలవల్ల కాదు, విశ్వాసం వల్లే నీతిమంతుడవుతాడని చెప్పడానికే. ఆ మిషన్ తరఫునే 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. ఆడవాళ్లకి, పిల్లలకి వైద్యం చేశారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. విశ్వాసాన్ని అంతగా పట్టుకున్నవాళ్లే మందుసీసా కూడా పట్టుకున్నారు. ఆ రెండింటికీ పోట్లాట ఉందని వాళ్లకి అనిపించలేదు, మీ తాతముత్తాతలకీ అనిపించి ఉండదు.

రోమా పత్రిక అయిదో అధ్యాయం తీయండి. "విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి" అని మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, అయినా ఆ "తీర్చబడి" దగ్గర కాసేపు ఆగండి. ఈ పత్రిక రాసిన పౌలు వాడింది కోర్టు మాట. న్యాయాధిపతి ఈ మనిషి మీద నేరం లేదని తీర్పు చెప్పాడు, కేసు ముగిసింది. అదీగాక, మనం తీర్చుకున్నాం అనలేదు, తీర్చబడ్డాం అన్నాడు. చేసింది వేరే ఆయన. విశ్వాసం అంటే ఆయన ఇచ్చినదాన్ని అందుకోవడానికి చాచిన చెయ్యి, అంతే. వణుకుతున్న చేతిలో పెట్టినా రూపాయి రూపాయే కదా.

ఇది ఒప్పుకుంటే వదిన గారి లెక్క నిలవదు. నమ్మకం ఇంత చెల్లిస్తే స్వస్థత ఇంత వస్తుంది, తక్కువైతే పిల్లవాడి నుదుట కుట్లు పడతాయి అన్నప్పుడు విశ్వాసం కూడా ఒక క్రియ అయిపోయింది, కూలి పని అయిపోయింది. పౌలు కొట్టేసింది సరిగ్గా దాన్నే. కేసు కొట్టేసిన న్యాయాధిపతి మళ్లీ దొంగచాటుగా మీ బిడ్డ ఒంటి మీద శిక్ష వేయడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం?" అని శిష్యులే అడిగారు. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు చెప్పారు. మీ ప్రశ్నకి నాకు ఇంతకంటే సూటి జవాబు తెలియదు.

సందేహిస్తూ ఆపావన్న మాటకి మార్కు తొమ్మిదో అధ్యాయం చూడండి. అక్కడి తండ్రి తెచ్చిన కొడుకు కూడా మీ బాబులాగే కిందపడి, నురుగు కక్కుతూ కొట్టుకునేవాడే. ఆ తండ్రి ఏమన్నాడు? "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. సగం నమ్మకం, సగం భయం. యేసు అతణ్ణి ముందు సందేహం తీర్చుకుని రమ్మని వెనక్కి పంపలేదు, కొడుకుని లేవనెత్తి ఇచ్చారు. ఆ అధ్యాయం చూపించి మీ బాబుకి దయ్యం అనేవాళ్లు కూడా రావచ్చు. మత్తయి నాలుగో అధ్యాయంలో దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు, అంటే మూర్ఛ ఉన్నవాళ్లు, వేరు. రెండూ ఒకటి కావని ఆ రోజుల్లోనే రాసి పెట్టారు. మీ బాబుది మెదడుకి సంబంధించిన జబ్బు.

విశ్వాసం వల్లే నీతి అని లోకమంతా వినేలా చెప్పిన, మన సంఘానికి పేరిచ్చిన లూథర్ 1542లో పదమూడేళ్ల కూతురు మగ్దలేనాని పోగొట్టుకున్నాడు. మంచం పక్కన మోకరించి ఏడ్చి ప్రార్థించాడు. అమ్మాయి తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఆయన విశ్వాసం చాలలేదని వదిన గారైనా అనగలరా?

మా అమ్మ పక్షవాతంతో ఆరేళ్లు మంచం మీద ఉంది. చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒక వచనం చెప్పి, ఒక కారణం కూడా చెప్పి వెళ్లేవారు. ఒకావిడ మాత్రం ప్రతి గురువారం వచ్చి, ఏమీ మాట్లాడకుండా అమ్మ తల చిక్కు తీసి, నూనె రాసి జడ వేసి వెళ్లేది. అమ్మ ఎదురుచూసింది ఆవిడ కోసమే. బైబిల్లో కష్టాలపాలైన యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపలేదు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దేవుడి కోపానికి గురయ్యారు.

అదే రోమా అయిదులో "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయును" అని ఉంది. పరీక్ష అనగానే మనకి పాసు, ఫెయిలు గుర్తొచ్చి టెన్షన్ పుడుతుంది. ఇక్కడ అర్థం అది కాదు. గీటురాయి మీద గీసి చూసి, ఇది మంచి బంగారమే అని తేలడం. మూడేళ్లుగా రాత్రుళ్లు బాబు ఊపిరి వింటూ పక్కన పడుకున్నారు చూడండి, ఆ ఓర్పు అలాంటిదే. జబ్బు మంచిదని నేను అనను, దానికి సంతోషించమనీ చెప్పను. నిరీక్షణ అంటే మన వాడుక మాటలో ఎదురుచూడటం. రేపే తగ్గిపోతుందన్న హామీ పౌలు ఇవ్వలేదు. ఎదురుచూసినవాళ్లు సిగ్గుపడరు అన్నాడు, ఎందుకంటే దేవుడి ప్రేమ ముందే మన హృదయాల్లో కుమ్మరించబడింది. ఇంకో సంగతి కూడా మీకు ధైర్యమిస్తుంది. సరైన మందు క్రమంగా వాడితే మూర్ఛ ఉన్న పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా ఉండగలరని డాక్టర్లు చెబుతారు.

మాత్రలు ఆపడం తప్పే, చెల్లెమ్మా. తప్పు కాదని చెబితే మీరే నమ్మరు. భయపడి, నలుగురిలో అవమానపడి చేశారు. అది కూడా ఆ తీర్పులోకే వచ్చింది, క్షమాపణ మిగతా పాపాలకి ఉండి దీనికి లేకుండా పోదు. అందుకే బల్ల దగ్గరికి వెళ్లండి. అది అర్హులకి ఇచ్చే బహుమతి కాదు. కావాలంటే ముందు మీ పాస్టరు గారికి జరిగింది చెప్పండి.

మీ ఆయనకి మాత్రం ఈ వారమే చెప్పాలి. బాబు నిద్రపోయాక, ఫోన్లు పక్కన పెట్టి, "నాలుగు రోజులు నేనే ఆపాను, భయంతో ఆపాను, ఇక ఈ బరువు ఒక్కదాన్నే మోయలేను" అనండి. ఆయన మౌనం కోపం కాకపోవచ్చు, అక్కకి, భార్యకి మధ్య నలిగిపోతూ ఉండవచ్చు. వదిన గారికి జవాబు చెప్పవలసింది ఆయన, మీరు కాదు. "బాబు కోసం ప్రార్థించు అక్కా, మందుల సంగతి మేమూ డాక్టరూ చూసుకుంటాం" అంటే చాలు. ఆ శుక్రవారం కూటానికి కొన్నాళ్లు వెళ్లకపోయినా పాపం కాదు. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ లైను, టెలిమానస్ అంటారు, వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

రాత్రి మాత్ర వేసేటప్పుడు బాబు తల మీద చెయ్యి వేసి ప్రార్థించండి. ముందు మాత్ర, తర్వాత ప్రార్థన అయినా, ముందు ప్రార్థన, తర్వాత మాత్ర అయినా ఫరవాలేదు. డాక్టరు గారు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. నుదుటి మీద కుట్లు మానాయా?