‘సల్లీ’ సినిమాలో చూపించిందంతా నిజంగా జరిగిందేనా?

ఇంజన్లు ఆగిన విమానాన్ని నదిలో దించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ కథతో తీసిన హాలీవుడ్ సినిమా ఇది. కాక్‌పిట్‌లో చూపించింది దాదాపు నిజం, ప్రమాదం తర్వాతి విచారణలో చూపించిన గొడవ మాత్రం చాలావరకు కల్పన.

2009 జనవరి 15న న్యూయార్క్‌లోని లా గార్డియా నుంచి లేచిన ఎయిర్‌బస్ ఎ320 సుమారు 2,800 అడుగుల ఎత్తులో అడవి బాతుల గుంపును ఢీకొంది. రెండు ఇంజన్లూ చతికిలపడ్డాయి. హడ్సన్ నదిలో దిగేలోపు చేతిలో ఉన్నది మూడున్నర నిమిషాలు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ “మై ఎయిర్‌క్రాఫ్ట్” అని కంట్రోల్ తీసుకున్నారు, కో-పైలట్ చెక్‌లిస్ట్ తెరిచారు. అది బాగా ఎత్తులో ఇంజన్లు ఆగితే చదవడానికి రాసిన మూడు పేజీల చెక్‌లిస్ట్. ఇక్కడ మొదటి పేజీ కూడా పూర్తవలేదు. అరుపుల్లేవు, డైలాగుల్లేవు. టెన్షన్ ఎంతున్నా పని పంచుకుని, పొడిపొడి మాటలతో కానిచ్చేయడమే నిజమైన కాక్‌పిట్ తీరు. సినిమా ఆ తీరును చెడగొట్టలేదు.

ప్రమాదాన్ని విచారించిన అమెరికా దర్యాప్తు సంస్థ కెప్టెన్‌ను ఇరికించాలని చూసిందని, విమానాన్ని వెనక్కి తిప్పి రన్‌వేకు చేర్చగలిగేవారా అని సిమ్యులేటర్‌లో (నేల మీదే విమానం నడిపినట్టు చేసే యంత్రంలో) చేసిన పరీక్షకు ఆయన అడిగాకే 35 సెకన్ల ఆలస్యం కలిపారని సినిమా చూసినవాళ్లు చాలామంది నమ్ముతారు. అది తప్పు. పైలట్ పరిస్థితిని అర్థం చేసుకోవడానికి పట్టే ఆ 35 సెకన్లను పరీక్షలో పెట్టింది దర్యాప్తు సంస్థే. అంత ఆలస్యంతో వెనక్కి తిప్పితే విమానం రన్‌వేకు చేరలేదు. నదిలో దించడమే సరైన నిర్ణయమని 2010 నివేదికలో ఆ సంస్థే రాసింది. సినిమాకు విలన్ కావాలి కదా, దొరికింది వాళ్లే.