విజయవాడలో ఏడుగురి కుటుంబానికి సెకండ్ హ్యాండ్ పెద్ద బండి: ఏది తీసుకోవాలి, ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది: ఇద్దరు పిల్లలు, మూడో బిడ్డ రాబోతోంది, అమ్మానాన్నలు మీతోనే ఉంటారు, 18 లక్షల్లోపు ఫార్చ్యూనర్ తీసుకోవాలా, సఫారీయా, ఎక్స్‌యూవీ700యా? సెకండ్ హ్యాండ్ బండ్లు చూసిపెట్టడం నా పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు సీట్ల లెక్క తేల్చుకోండి. మీరు ఏడుగురు. అంటే మూడో వరస మీకు రోజూ కావాలి. ఫార్చ్యూనర్‌లో ఎక్కే మెట్టు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రోజూ నరకం. మూడో వరసలో సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. ఆ సీట్లు మడిచినా నేలలోకి పోవు, అద్దాల పక్కకు మడుచుకుని సామాన్ల చోటు తినేస్తాయి. పైగా ఈ డబ్బుకు దొరికేవి బాగా తిరిగినవో, పాతవో అయి ఉంటాయి. మీ అవసరానికి ఇది వద్దు.

మీరు అడగకపోయినా నా మొదటి ఓటు ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ మాన్యువల్, అదీ ఎనిమిది సీట్లది. మధ్య వరసలో బెంచి ఉంటుంది కాబట్టి బిడ్డ సీటు, తల్లి, నాయనమ్మ ఒకే వరసలో పడతారు. తాతయ్య ముందు, పెద్ద పిల్లలిద్దరూ వెనక. ఎస్‌యూవీయే కావాలంటే 2021 తర్వాతి సఫారీ లేదా ఎక్స్‌యూవీ700, ఏడు సీట్లది. సఫారీలో మధ్యన విడి సీట్లున్న ఆరు సీట్ల మోడల్ కూడా తిరుగుతోంది, ఫొటోలో చూసి మోసపోకండి.

బిడ్డ సీటు విషయంలో చాలామంది ఒకటి గమనించరు. మధ్య సీటు ముందుకు మడిస్తేనే వెనక వరసలోకి దారి. ఆ సీటు మీదే బిడ్డ సీటు బిగిస్తే అది ఇక మడవడానికి ఉండదు, వెనక పిల్లలు దిగాల్సిన ప్రతిసారీ దాన్ని విప్పాలి. అందుకని దారి ఇచ్చే వైపు వదిలేసి రెండో వైపు బిగించండి. వీపు, సీటు కలిసే సందులో వేలు పెట్టి చూడండి, బిడ్డ సీటును తగిలించే ఐసోఫిక్స్ ఇనుప కొక్కేలు తగలాలి. అన్ని వేరియంట్లలో ఉండవు. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు బిడ్డ సీటును, అమ్మగారిని కూడా తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో మున్నేరు వల్ల ఖమ్మంలోనూ అదే పరిస్థితి. అలాంటి బండ్లు శుభ్రంగా డిటెయిలింగ్ చేయించుకుని మార్కెట్లోకి వస్తాయి, పైకి కొత్తగా మెరుస్తాయి. చెన్నై నుంచి వచ్చిన బండి అయినా ఇదే అనుమానంతో చూడాలి.

ఎలా పట్టుకోవాలంటే, ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా పూర్తిగా లాగండి. రోజూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు గుడ్డ మీద మట్టి గీత ఉంటే బండి మునిగినట్టే. బెల్టులు ఒక్కటే కొత్తవైతే మరీ అనుమానించాలి. తర్వాత ముందు సీట్ల కింద పట్టాల బోల్టులు, వైర్ల సాకెట్లు టార్చి వేసి చూడండి. ఇత్తడి పిన్నుల మీద పచ్చని తుప్పు తుడిచినా పోదు. డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజి నొక్కి వాసన చూడండి. జాకీ పెట్టే అర, వెనక పక్క ప్యానెళ్ల లోపల సన్నటి ఒండ్రు మిగిలే ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ కడగరు.

ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు మామూలుగా మధ్య కన్సోల్ కింద, నేలకు ఆనుకుని ఉంటుంది. నీళ్లొస్తే ముందు పోయేది అదే. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరాలి. అసలు వెలగకపోతే లోపం కనపడకుండా ఆ లైటును ఎవరో తీసేసి ఉండొచ్చు. బండి కంప్యూటర్లలోని లోపాలు చదివే స్కానరు పెట్టించినప్పుడు ఇంజను ఒక్కటే చదివించి వదిలేయకండి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ మాడ్యూళ్లు అన్నీ చదివించండి. క్రిస్టాలో వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యన ఉండే గేర్ల డబ్బా) ఆయిలు పోసే బోల్టు విప్పితే ఆయిలు పాలు కలిసినట్టు తెల్లగా ఉందంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి ఉప్పు దెబ్బ వేరే ఉంటుంది: చట్రాన్ని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి, ఖంగుమనాలి, డొల్లగా మోగి పెచ్చులు రాలితే వదిలేయండి.

క్రిస్టా అయితే ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మార్చినదేమో చూడాలి. బంపర్ల మీద రిఫ్లెక్టర్ టేపు పీకిన జిగురు గీతలు, టాపు మీద క్యారియర్ రంధ్రాలు పూడ్చిన గుర్తులు, యాక్సిలరేటర్ పెడల్ దగ్గర వేగం మించకుండా ఆపే స్పీడ్ గవర్నర్‌కు ఇచ్చి కత్తిరించిన వైర్లు, ఈ మూడూ పట్టిస్తాయి. మీటరు కిలోమీటర్లను నమ్మకుండా షోరూం సర్వీసు రికార్డుతో పోల్చండి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిళ్లలో పొగ మసిని ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. బెంజి సర్కిల్ నుంచి బడికి, బడి నుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే అది మసితో మూసుకుపోతుంది, ఎందుకంటే మసి కాలడానికి సైలెన్సరు బాగా వేడెక్కాలి. వారానికోసారి గుంటూరు హైవే మీద 60 పైన ఆగకుండా ఇరవై నిమిషాలు నడపగలిగితే డీజిల్ తీసుకోండి. లేదంటే ఎక్స్‌యూవీ700 పెట్రోల్ నయం, సిటీలో లీటరుకు పది కూడా రాదనుకుని లెక్క వేసుకోండి. మీ బడ్జెట్లో దొరికే సఫారీలన్నీ డీజిలే.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది, తెల్ల పొగ తీపి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. ఏసీ మాత్రం మధ్యాహ్నం ఎండలో చూడండి. క్రిస్టాలో వెనక వరసలకు వేరే ఏసీ యూనిట్ ఉంది, దాని పైపులు బండి కింద నుంచి వెళ్తాయి, అక్కడ లీకయితే ముందు చల్లగా, వెనక వేడిగా ఉంటుంది. టైర్ల తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం.

నచ్చాక ఆటోనగర్‌లో లిఫ్టు మీద ఎక్కించి కింద చూపించాకే బేరం మొదలుపెట్టండి. హైదరాబాద్ బండి చవగ్గా కనిపిస్తుంది కానీ అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. ట్యాక్స్ ఎంతో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి. లోను ఉన్న బండికి బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్సులో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి. ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు లోను ఉందన్న నమోదు) తీసేసినట్టు కనపడేదాకా కొంత డబ్బు మీ దగ్గరే ఆపండి.