పాస్టరుగారి ఖాతాలో వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా సంఘం చాలా ఏళ్ల క్రితమే సొసైటీగా రిజిస్టర్ అయింది. చర్చి వెనక గదిలో కుట్టు శిక్షణ, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ నడుపుతున్నాం. అమెరికాలోని ఒక చర్చి కుట్టుమిషన్లకూ షెడ్డుకూ 6 లక్షలు ఇస్తామంటోంది. మాకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేదు. పాస్టరుగారు తన ఖాతాలో వేయించుకుంటానంటున్నారు. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న పక్క ఊరి సంస్థ ద్వారా తెప్పిద్దామని కమిటీలో ఇంకొకరి మాట. ఏది మేలు?
– సొసైటీ కార్యదర్శి, కోనసీమ

జవాబు: రెండూ వద్దండి. పాస్టరుగారి నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ సంఘం పనికి విదేశీ సంస్థ ఇచ్చే డబ్బు ఆయన సేవింగ్స్ ఖాతాలో పడితే, అనుమతి లేకుండా విదేశీ విరాళం తీసుకున్నట్టే. కేసంటూ వస్తే ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఇక పక్క ఊరి సంస్థ దారి ఎఫ్‌సీఆర్ఏ చట్టానికి 2020లో చేసిన సవరణతో మూసుకుపోయింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, ఆ రెండో సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. మీకు సాయం చేయబోయి వాళ్లు తమ రిజిస్ట్రేషన్ పోగొట్టుకుంటారు.

పూర్తి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో సేవా కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అందులో ఆఫీసు ఖర్చులు కలపకూడదు. మీ కుట్టు గదికి అంత ఖర్చు అయి ఉంటుందనుకోను. కాబట్టి ‘ముందస్తు అనుమతి’కి దరఖాస్తు చేయండి. ఒక దాత, ఒక పని, ఇంత మొత్తం అని చెప్పి కేంద్ర హోం శాఖ దగ్గర తీసుకునే అనుమతి అది. ఆ చర్చి నుంచి మొత్తమూ, ఉద్దేశమూ రాసిన హామీ పత్రం తెప్పించుకోండి. డబ్బు పడాల్సింది ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. భయపడకండి, మీ దగ్గరి ఎస్‌బీఐ నుంచే ఆ ఖాతా తెరవొచ్చు. ‘పది శాతం ఇస్తే పని చేసిపెడతాం’ అంటూ వచ్చేవాళ్లను మాత్రం గుమ్మంలోంచే పంపేయండి.

షెడ్డు ఎవరి స్థలంలో కడుతున్నారో మీరు రాయలేదు. చర్చిల ఆడిట్లు చేసేటప్పుడు నేను మొదట అడిగేది అదే. స్థలం ఒకరి పేరున, విరాళం సంఘం పేరున ఉంటే తర్వాత తగాదాలే. ముందు స్థలాన్ని సొసైటీ పేరున రాయించండి. ఇంకోటి, కానుకల పెట్టె లెక్కా కుట్టు కేంద్రం లెక్కా ఒకే నోటుబుక్కులో రాసే అలవాటుంటే ఈ నెలే మానేయండి. మిషన్లకని వచ్చిన డబ్బుతో క్రిస్మస్‌కు సౌండ్ సిస్టం కొంటే, అది మంచి పనే కదా అన్న మాట ఆడిటర్ దగ్గర చెల్లదు.

అనుమతి వచ్చేలోపు పని ఆగకూడదంటే గల్ఫ్‌లో ఉన్న మీ సంఘస్థులను అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం వస్తుంది, వాళ్లు మీ ఊరివాళ్లే అయినా. అందుకే ఎవరు పంపినా పాస్‌పోర్టు కాపీ అడిగి తీసుకుని, రసీదుతో పాటు ఫైల్లో పెట్టండి.