టెక్ సందేహాలు: చెన్నై నుంచి డల్లాస్ ఎంత దూరం?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో చదువుతున్నాడు. చెన్నైలో విమానం ఎక్కి వాడి దగ్గరికి వెళ్తున్నాం. దూరం ఎంతో చూద్దామంటే ఒక సైట్ సుమారు 14,900 అంటోంది, ఇంకోటి 9,260, మరోటి 8,050. ఫోన్ మ్యాప్‌లో కొలిస్తే గీత పడమరకు కాకుండా ఉత్తరానికి ఎక్కిపోతోంది. యాప్ తప్పా?
- ఓ పాఠకుడు, కావలి

జవాబు: యాప్ తప్పు కాదండీ. ఆ మూడు సంఖ్యలూ ఒకే దూరం. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది విమానయానంలో వాడే నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. పక్కనున్న యూనిట్ చూస్తే టెన్షన్ ఉండదు.

ఆ గీత కూడా సరైనదే. చెన్నై 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డల్లాస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉన్నాయి. అంటే భూగోళానికి దాదాపు చెరో వైపు. పిల్లల గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. లెక్క వేస్తే ధ్రువానికి సుమారు 350 కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది. అదే గోడకు తగిలించే మెర్కేటర్ మ్యాప్ మీద స్కేలు పెట్టి ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా గీస్తే ఆ దారి 18,000 కిలోమీటర్లు దాటుతుంది! గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే వచ్చే చిక్కు ఇది.

స్వయంగా లెక్క కట్టాలంటే, గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దూరం చెప్పే హేవర్‌సైన్ సూత్రం వాడండి. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు, భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు చాలు. ఎక్సెల్‌లో చేసేవాళ్లు డిగ్రీలను రేడియన్లలోకి (కోణానికి మరో కొలత) మార్చాలి, పడమర రేఖాంశానికి మైనస్ పెట్టాలి. చాలామందికి లెక్క తప్పేది ఈ రెండు చోట్లే. భూమి కచ్చితమైన గోళం కాదు కాబట్టి అర శాతం దాకా తేడా రావొచ్చు.

అయితే మీరు ప్రయాణించే దూరం ఇది కాదు. చెన్నై నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. దోహాలో మారితే అక్కడిదాకా 3,290 కిలోమీటర్లు, అక్కడి నుంచి 12,750, మొత్తం 16,000 కిలోమీటర్ల పైమాటే. గాలులను బట్టి, మూసిన గగనతలాలను బట్టి ఇంకా పెరుగుతుంది. విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో మీ విమానం నంబరు కొడితే ఈమధ్య ఏ దారిన వెళ్లిందో కనిపిస్తుంది. టికెట్ కొనేముందు మాత్రం కిలోమీటర్లు కాదు, మధ్యలో ఆగే గంటలు చూసుకోండి. పెద్దవాళ్లను అలసట పెట్టేది అదే.

ప్రశ్న: ఫ్లైట్ మోడ్‌లో జీపీఎస్ పనిచేస్తుందా?
- ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చాలా ఫోన్లలో పనిచేస్తుందమ్మా. జీపీఎస్ సిగ్నల్‌ను ఫోన్ అందుకుంటుందే తప్ప పంపదు. లొకేషన్ ఆన్‌లో ఉంచి, ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. కిటికీ సీటయితేనే సిగ్నల్ బాగా అందుతుంది.