ట్రేడ్‌మార్క్ పని నేర్చుకుంటానంటోంది, అందులో బతకొచ్చా?

ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయికి బీకామ్ అయిపోయింది. ఎంబీఏ చెయ్యమంటే వద్దంటోంది, వ్యాపారాలకి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ చేసిపెట్టే పని నేర్చుకుంటుందట, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు కూడా చూసి పెట్టుకుంది. దీనికి ఎల్‌ఎల్‌బీ చెయ్యాలా, ఏజెంట్ పరీక్ష రాస్తే చాలా? మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యాడు, మాకేమో భయంగా ఉంది."

సార్, ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, కోర్సు పేరు మారుతుంది అంతే. అసలు అడిగేది మాత్రం ఒకటే, రేపు మా పిల్ల ఖాళీగా ఉండిపోతుందేమో అని. ఉండిపోదండీ. పేరు పెట్టుకుని సరుకు అమ్మేవాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ పేరు కోసం గొడవలుంటాయి, రిజిస్ట్రేషన్ వచ్చినా పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, కాబట్టి పనికి లోటు లేదు.

నా అనుమానమల్లా ఆ సర్టిఫికెట్ మీదే. ఎవరి అప్లికేషన్ వాళ్లే వేసుకోవచ్చు, లేదంటే అడ్వొకేటో, రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ ఏజెంటో, ఆ కంపెనీలోనే పనిచేసే ఉద్యోగో వెయ్యాలి, చట్టం చెప్పేది ఇంతే. మూడు నెలల కోర్సు చేసినవాళ్లకి అందులో చోటు లేదు, ఎంత మెరిసే సర్టిఫికెట్ ఇచ్చినా వేరేవాళ్ల తరఫున సంతకం పెట్టే హక్కు రాదు. నేర్చుకోడానికి అయితే సరే, అదే కెరీర్ అని అమ్ముతుంటే మాత్రం నాకు నచ్చదు. ఫారం నింపడం అసలు పెద్ద పనే కాదు, వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాస్‌కి, అంటే ఒక్కో రకం సరుక్కి లేదా సేవకి, 4,500, మిగతావాళ్లకి 9,000 ప్రభుత్వ ఫీజు, అది కట్టి ఎవరైనా వేసుకోవచ్చు. దాని మీద కాస్త సర్వీస్ చార్జి వేసుకునేవాళ్లు బోలెడుమంది, అందులోకి ఇంకొకరుగా వెళ్లి ఏం మిగుల్చుకుంటుంది?

అసలు పని ఎక్కడుందో చెప్తా. ఒకావిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతోంది అనుకోండి. సరుకులు, సేవలు కలిపి మొత్తం 45 క్లాసులుంటే పచ్చళ్లు 29లోకి వస్తాయి, కారప్పొడులు 30లోకి. ఫారం నింపినవాళ్లు 29 ఒక్కటే పెట్టి పంపేశారు, ఏడాది తిరిగేసరికి ఆవిడ పొడులు కూడా మొదలుపెట్టింది, అదే పేరుతో ఇంకెవరో 30లో అప్లై చేసేశారు, ఇంక వాదించుకోవడమే. పోనీ పేరే ఆంధ్రా ఆవకాయ లాంటిది పెట్టుకుంటే, అది సరుకేంటో ఎక్కడిదో చెప్పే మాటే కాబట్టి ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 కింద అబ్జెక్షన్ వస్తుంది, అలాంటి పేరు ముందే వేరేవాళ్లకుంటే సెక్షన్ 11. ఆ అబ్జెక్షన్ రిపోర్ట్ అందాక నెలలోపు జవాబు ఇవ్వకపోతే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క. ఆ జవాబు కోసం కూర్చుని ఆవిడ పాత బిల్లులు, లేబుళ్లు, ఆర్డర్లు అన్నీ పోగేసి, ఆ పేరు ఎప్పటినుంచి వాడుతోందో తేదీలతో అఫిడవిట్ తయారు చెయ్యాలి. అప్లికేషన్లు ప్రచురించే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో పడ్డాక కూడా నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఇదంతా ఓపిగ్గా చేసేవాళ్లకే క్లయింట్లు మళ్లీ మళ్లీ వస్తారు, బిల్లులూ లెక్కలూ చదవడం వచ్చిన బీకామ్ పిల్లకి ఇందులో ముందడుగే, వెనకడుగు కాదు.

ఇక ఎల్‌ఎల్‌బీనా, ఏజెంట్ పరీక్షా అంటే, డిగ్రీ ఉండి 21 నిండితే పరీక్ష రాయొచ్చు గానీ అది ఏటా ఠంచనుగా పెట్టే పరీక్ష కాదు, దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. పైగా ఏజెంట్ పని అప్లికేషన్లు చూసే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ దాకానే, పేరు కాపీ కొట్టినవాళ్ల మీద కేసు వేస్తే కోర్టులో వాదించేది అడ్వొకేటే. మూడేళ్ల లా చేసి అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అయితే రిజిస్ట్రీలో పని చేయడానికి ఈ పరీక్షే అక్కర్లేదు. మీరు అడగలేదు గానీ కంపెనీ సెక్రటరీ దారి కూడా ఉంది, కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ సభ్యులు ఈ ఏజెంట్ పరీక్ష లేకుండానే ఏజెంట్‌గా నమోదు చేసుకోవచ్చు. నన్నడిగితే లా వైపే చెప్తాను. మన రెండు రాష్ట్రాలూ చెన్నై రిజిస్ట్రీ కిందకే వస్తాయి, అయినా ఫైలింగ్ ఆన్‌లైన్, హియరింగ్‌లు వీడియోలో, పిల్లని అంత దూరం పంపాలేమో అన్న బెంగ కూడా వద్దు.

ఒక మాట గట్టిగానే అంటున్నా, ఏమనుకోకండి. మీరు రాసినదాంట్లో బావమరిది కొడుకున్నాడు, మీ భయముంది, ఈ పని ఎందుకు నచ్చిందో ఆ పిల్లని అడిగినట్టు ఒక్క మాట లేదు. ఇంతమంది ఎంబీఏ వెంట పడుతుంటే ఎవరూ చెప్పకుండానే తనంతట తనే ఒక పని వెతుక్కుంది, అది చూసి సంతోషించాల్సింది పోయి కంగారు పడిపోతే ఎలాగండీ? పక్కవాళ్ల జీతంతో పోల్చడం ఇవాళే ఆపెయ్యండి.

ఆ కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో అప్లికేషన్ల స్టేటస్, వాటి అబ్జెక్షన్ రిపోర్టులు, ఇచ్చిన జవాబులు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కొన్ని రిపోర్టులు తీసుకుని, అక్కడున్న జవాబు చూడకుండా ముందు తనే రాసుకుని తర్వాత పోల్చుకోమనండి. ఒక నెల అలా చేశాక కూడా ఇంకా చెయ్యాలనిపిస్తే ఈ ఏడాదే లాసెట్‌కి కూర్చోబెట్టండి, చదువుతూనే ట్రేడ్‌మార్క్ కేసులు చూసే అడ్వొకేట్ ఆఫీసులో చేరమనండి. విసుగొస్తే అప్పుడు నాకు మళ్లీ రాయండి, ఈసారి మీరు కాదు, అమ్మాయినే రాయమనండి.