పూల్ గోడల్లో కంకర తేలింది, వాటర్‌ప్రూఫింగ్‌తో సరిపోతుందా?

మీరు చెన్నైలోని ఇంజంబాక్కంలో ఇల్లు కడుతున్నామని, 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతుతో పూల్‌కు గోడలు పోశారని, షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి బిగించిన పలకలు) విప్పగానే ఒక మూలన కంకర బయటపడిందని, నేలా గోడా కలిసేచోట చుట్టూ సన్నని గీత కనిపిస్తోందని రాశారు. కాంట్రాక్టర్ మాత్రం పైన వాటర్‌ప్రూఫింగ్ కొడతాం కాబట్టి భయం లేదంటున్నారట.

ఆ మాటకు ఒప్పుకోకండి. పూల్‌లో నీళ్లను ఆపవలసింది కాంక్రీటే, పైన పూసే పూత దానికి తోడు మాత్రమే. నేను చెన్నైలో సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంబడి ఇళ్లలో పూల్ పనులు దగ్గరుండి చూశాను. టైల్స్ వేసిన ఏడాదికే మళ్లీ పగలగొట్టిన పూల్స్‌లో నేను చూసినవన్నీ ఇలా పూత కింద దాచిన లోపాలే.

ముందు ఆ మూల దగ్గరికి సుత్తి, ఉలి తీసుకుని మీరే వెళ్లండి. మేస్త్రిని కూడా వెంట ఉండమనండి. గోడను సుత్తితో తడుతూ పోతే గట్టి కాంక్రీటు ఖంగుమని మోగుతుంది, లోపల ఖాళీ ఉంటే శబ్దం డొల్లగా మారిపోతుంది. మా సైటులో శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి ఒకరు ఉండేవారు. షట్టరింగ్ విప్పిన ప్రతి గోడనూ జానెడు దూరానికొకసారి తట్టి, శబ్దం మారినచోట సుద్దముక్కతో గీత గీసేవారు. నీలాంకరైలో ఒక పూల్ గోడ మీద అరచేయంత గుంట కనిపిస్తే, దాని చుట్టూ ఆయన గీసిన గీత మూరెడు పొడవు సాగింది. ఉలి పెట్టి కొట్టగానే పైనున్న పలచటి సిమెంటు పొర రాలిపోయింది. లోపల కంకరరాళ్లు ఒకదానికొకటి అంటుకోకుండా, వేళ్లతో లాగితే ఊడివచ్చేలా ఉన్నాయి. వాటి వెనక చువ్వ కనిపించింది. ఆ కాంట్రాక్టరూ అంతకుముందు రోజు దాన్ని సిమెంటు, ఇసుకతో పూసేద్దామనే అన్నారు.

మూలల్లోనే ఇలా జరగడానికి కారణం ఉంది. అక్కడ రెండు గోడల చువ్వలు కలిసి కిక్కిరిసి ఉంటాయి, కాంక్రీటును అదిరించి సందుల్లోకి దింపే వైబ్రేటర్ సూది లోపలికి దిగదు. షట్టరింగ్ పలకల మధ్య సందు ఉంటే సిమెంటు పాలు కారిపోయి రాళ్లే మిగులుతాయి. కాబట్టి మీ మూలను గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించండి. గుంట చువ్వకు ముందే ఆగిపోతే శుభ్రం చేసి, తడిపి, పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్‌తో నింపవచ్చు. చువ్వ వెనక్కి పోతే ఆ చువ్వ చుట్టూ వేలు పట్టేంత ఖాళీ చేయించి, పలక బిగించి, కుంచించుకుపోని గ్రౌట్ (జావలా పోసే సిమెంటు మిశ్రమం) గానీ సన్న రాళ్లతో చేసే మైక్రో కాంక్రీటు గానీ పోయాలి. గోడ అవతలి ముఖం దాకా వెళ్లిందంటే మాత్రం డిజైన్ చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడకుండా చెయ్యి పెట్టనివ్వకండి. నీలాంకరైలో చివరికి ఆ గోడలో ఆరడుగుల మేర పగలగొట్టి మళ్లీ పోయించాం.

మీరు చెప్పిన గీత నాకు ఆ గుంట కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. నేల ఒకరోజు, గోడలు మరోరోజు పోస్తారు కాబట్టి అతుకు ఉండడం తప్పు కాదు. ఆ అతుకులో నీటిని ఆపే పీవీసీ వాటర్ స్టాప్ పట్టీ గానీ, నీరు తగిలితే ఉబ్బే పట్టీ గానీ పెట్టారా లేదా అన్నదే ప్రశ్న. ఇప్పుడది కనిపించదు. గోడలు పోయకముందు తీసిన ఫోటోలు అడగండి, సిమెంటు, కంకర బిల్లుల్లో పట్టీ కొన్న లెక్క ఉందేమో చూడండి. పాత కాంక్రీటు పైన తేలిన తెట్టును చెక్కి, కడిగి, ఆ తర్వాతే గోడ పోశారా అన్నదీ అంతే ముఖ్యం. నునుపైన తెట్టు మీదే పోసి ఉంటే కొత్త కాంక్రీటు పాతదాన్ని పట్టుకోదు. ఫోటోలు లేవంటే మీరు కింద చెప్పిన నీటి పరీక్ష మీదే ఆధారపడాలి. ఆ పరీక్షలో అతుకు దగ్గర నీరు కారితే చిన్న రంధ్రాలు వేసి, పగుళ్లు మూసే పీయూ (పాలియురేథేన్) గ్రౌట్ ఎక్కించడమే దారి.

లైటు పెట్టెలు, వడగట్టిన నీటిని పూల్‌లోకి తిరిగి పంపే రిటర్న్ పైపులు, కింది డ్రెయిన్ గోడలోంచి బయటికి వచ్చేచోట్లు కూడా అలాగే చూడండి. పోత పోసేటప్పుడే పైపును బిగించారా, తర్వాత గోడను తొలిచి దూర్చారా అన్నది దాని చుట్టూ ఉన్న సిమెంటు రంగు చూస్తేనే తెలిసిపోతుంది. షట్టరింగ్ బిగించిన టై రాడ్ల రంధ్రాలను సిమెంటు ముద్దతో మూసేసి ఉంటే తీయించి సరిగ్గా గ్రౌట్ చేయించండి.

ఇక బలం సంగతి. నీరు నిలిపే ఆర్‌సీసీకి (చువ్వలు వేసిన కాంక్రీటుకు) సాధారణంగా కనీసం ఎం30 రకం వాడాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 చెబుతుంది. అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బలం. పోత రోజు అదే కాంక్రీటుతో పోసి, తర్వాత ల్యాబులో నలిపి చూసే 150 మిల్లీమీటర్ల క్యూబుల రిపోర్టు అడగండి. 6 నుంచి 15 ఘనపు మీటర్ల పోతకు కనీసం 2 నమూనాలు తీయాలని, ఒక్కో నమూనాకు 3 క్యూబులు ఉండాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 నియమం. మీ గోడలు ఆ లెక్కలోకే వస్తాయి. 7 రోజుల ఫలితం సాధారణంగా 28 రోజుల బలంలో మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. రెడీమిక్స్ ప్లాంటు వాళ్లు తమ దగ్గర తీసిన క్యూబుల కాగితం ఇస్తే దానితో తృప్తిపడకండి. మీ సైటులో లారీ నుంచి తీసినవి కావాలి. అవి లేకపోతే రీబౌండ్ హ్యామర్‌తో (గోడను తాకించి గట్టిదనం చూసే పరికరం) గోడలన్నీ పోల్చి చూసి, అనుమానం ఉన్నచోట కోర్ (గోడలోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీయించండి. కోర్ల సగటు బలం ఎం30 బలంలో 85 శాతం కంటే తగ్గకూడదు, ఏ ఒక్క కోరూ 75 శాతం కంటే దిగకూడదు. కోర్ తీసిన రంధ్రాన్ని వెంటనే గ్రౌట్‌తో నింపించడం మరవకండి.

బాలెన్సింగ్ ట్యాంకు (పూల్ నుంచి పొంగిన నీరు చేరే తొట్టి), పంపు గది ఇంకా పోయలేదని కూడా రాశారు కాబట్టి ఆ రోజు మీరు తప్పకుండా సైటులో ఉండండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన లారీ దగ్గర కాంక్రీటు బిగుసుకుపోతుంటే డ్రైవరు మొదట అందుకునేది నీళ్ల గొట్టమే. నాణ్యత దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. సిమెంటుతో పోలిస్తే నీటి పాళ్లు 0.45 దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, అందులో తడి ఇసుకలోని నీరు కూడా లెక్కే. అదనంగా పోసిన నీరు కాంక్రీటులోంచి ఆవిరైపోయాక సన్నని దారులు మిగులుతాయి, నీళ్లు కారేది వాటి గుండానే. చలానా మీద ప్లాంటులో నింపిన సమయం చూడండి, 2 గంటల్లోపు దింపాలి. కాంక్రీటు జారుడు తగ్గితే ప్లాంటు వాళ్ల మనిషి కొలిచి, నీళ్లు కాకుండా జారుడు పెంచే అడ్మిక్స్చర్ అనే రసాయనం కలపాలి. దానికి సిద్ధంగా లేకపోతే లారీని వెనక్కి పంపండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

సముద్రం అంత దగ్గర ఉన్న మీకు ఉప్పు మరో చిక్కు. సైటులో బోరు నీళ్లు వాడుతున్నారా అని అడగండి. ఆర్‌సీసీకి కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష ల్యాబులో చవకగానే అవుతుంది. క్యూరింగ్‌కూ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడానికి) ఆ పరీక్షలో నెగ్గిన నీరే వాడండి. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) గానీ స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) గానీ కలిసినదయితే 10 రోజులు గోడలకు తడి గోనెసంచులు చుట్టి ఉంచాలి. మధ్యాహ్నం ఒకసారి వెళ్లి ఆ సంచి ముట్టుకుని చూడండి.

రిపేర్లు పూర్తయ్యాక, పూత వేయకముందే నీటి పరీక్ష పెట్టించండి. పైపులన్నీ మూసి, నిండుగా నింపి, కాంక్రీటు పీల్చుకోవడానికి 7 రోజులు వదిలేయండి. తర్వాత 7 రోజులు రోజూ ఒకే వేళకు మట్టం కొలవండి. పూల్ మెట్టు మీద ఒక బకెట్టులో నీళ్లు నింపి పెడితే ఆవిరై పోయినది ఎంతో దానిలో తెలుస్తుంది. బకెట్టులో కంటే పూల్‌లో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. ఏ మట్టం దగ్గర తగ్గడం ఆగిందో గుర్తుపెట్టుకుంటే లోపం అక్కడే వెతకవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ ప్రాంతంలో భూగర్భ జలం బాగా పైకి వస్తుంది. గోడలు, నేల 8 అంగుళాల మందం అనుకుంటే మీ తొట్టి బరువు సుమారు 30 టన్నులు, చుట్టూ నీరు అంచు దాకా వస్తే అది పైకి తోసే బలం 46 టన్నుల దాకా ఉంటుంది. ఖాళీ తొట్టి పైకి లేచిపోతే ఎంత మంచి కాంక్రీటయినా పగులుతుంది. పక్కనే గొయ్యి తవ్వి నీటి మట్టం చూశాకే ఖాళీ చేయించండి, కింది నీటి ఒత్తిడి పెరిగితే ఆ నీటిని పూల్‌లోకి వదిలే హైడ్రోస్టాటిక్ వాల్వు నేలలో పెట్టారో లేదో కూడా అడగండి.

డబ్బు విషయం ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోండి. గోడల బిల్లులో కొంత భాగం నీటి పరీక్ష నెగ్గేదాకా ఆపుతామని, రిపేరు ఖర్చు కాంట్రాక్టరే భరించాలని ఒక కాగితం రాయించుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. టైల్స్ వాళ్లకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఈ పరీక్ష అయ్యేదాకా ఇవ్వకండి.